విలువ లేదని రాసిచ్చిన ఆపిల్ బుట్ట

ఎర్మా గిల్‌రే లంచం ఇచ్చిందట. ఇచ్చింది ఒక బుట్ట ఆపిల్ పళ్లు. పుచ్చుకున్నది ఊళ్లో పచారీ కొట్టు నడిపే లార్న్ పెటిగ్రూ. ఈ మాట ఎత్తితే డన్‌మోర్‌లో ఇప్పటికీ ఎవరికైనా ఒళ్లు మండుతుంది. మండకపోతే వాళ్లు నగరం నుంచి వచ్చి సరస్సు ఒడ్డున బంగళా కొనుక్కున్నవాళ్లయి ఉండాలి.

అప్పటికి ఎర్మాకు అరవై ఎనిమిదేళ్లు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. నిచ్చెన ఎక్కడం మానమని డాక్టరు చెబితే నిచ్చెన మానలేదు, డాక్టరును మార్చింది. భర్త వెర్న్ పోయి ఆరేళ్లయింది. జార్జియన్ అఖాతం కనిపించే ఏటవాలు మీద నలభై ఎకరాల తోట, అందులో వెర్న్ తండ్రి నాటిన స్పై అనే రకం ఆపిల్ చెట్లు. స్పై చెట్టు కాపుకు రావడానికి పన్నెండు పదమూడేళ్లు పడుతుంది. అంత ఓపిక ఇప్పుడెవరికుంది? రసం ఫ్యాక్టరీల వాళ్లు ఓడల మీద వచ్చే చవక గుజ్జు కొనడం మొదలుపెట్టాక చుట్టుపక్కల తోటలు ఒక్కొక్కటే పోయాయి. చెట్లు పీకి, మంచు మీద జారే ఆటకు వచ్చేవాళ్లకు ఇళ్లు కట్టారు. గిల్‌రేల తోట మిగలడానికి కారణం ఒక్కటే. వెర్న్, ఎర్మా కలిసి కొట్టంలో పళ్లు పిండి, పులియబెట్టి, సీసాలకెత్తి సైడరు చేయడం మొదలుపెట్టారు. మంచి సైడరు. తీపి తక్కువ, వెనక కాస్త పులుపు.

అయితే చేస్తే చాలదు కదా, అమ్మాలి. కెనడాలోని ఒంటారియోలో మందు అమ్మడమంటే చాలాకాలం సర్కారు దుకాణాల పనే. ఆ దుకాణాల్లో ఎర్మా సీసా దొరికేది కాదు. తరవాత ఒక ఏడు సర్కారు మనసు మారి పచారీ కొట్లలో కూడా బీరూ సైడరూ పెట్టుకోవచ్చంది. పెట్టుకునే అరల్లో అయిదో వంతు చిన్న తయారీదార్లకు వదలాలని కూడా అంది. ఆ మాట విన్న రోజు ఎర్మా కొట్టంలో ఒక్కతే కూర్చుని ఏడ్చింది. సంతోషంతోనే. వెర్న్ ఉంటే బాగుండేదని కూడా.

అనుమతి వచ్చింది. దానితో పాటు మూడు వేళ్ల మందాన నిబంధనల పుస్తకం కూడా వచ్చింది. ఎర్మా దాన్ని వంటింట్లో బైబిలు పక్కన పెట్టుకుని, చలికాలమంతా కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. ఎంత ఘాటు దాటకూడదు, ఏ ధరకు తక్కువ అమ్మకూడదు, పెట్టె మీద ఏ అంకె ఎక్కడ రాయాలి, అన్నీ. ఒకసారి చీటీ మీద అక్షరాలు మిల్లీమీటరు పొట్టిగా అచ్చయ్యాయని సరుకంతా వెనక్కి వచ్చింది. తొమ్మిది వందల సీసాల చీటీలు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, గీకి, కొత్తవి తన చేత్తో అంటించింది. గొణుక్కుంది గాని ఎవరినీ తిట్టలేదు. ‘రూలు రూలే’ అనుకునే రకం. అలాంటి మనిషిని పట్టుకుని లంచం ఇచ్చిందన్నారు.

పదకొండు కొట్లకు ఆమె సైడరు వెళ్లేది. చిన్న తయారీదార్లు తమ సరుకు తామే దింపుకోవచ్చని నిబంధన ఉంది కాబట్టి, మంగళవారం పొద్దున్నే వ్యాను నింపుకుని తనే నడుపుకుంటూ బయలుదేరేది. మొదటి మజిలీ లార్న్ కొట్టు. లార్న్‌కు యాభై రెండేళ్లు. చిన్నప్పుడు సెలవుల్లో గిల్‌రేల తోటలో పళ్లు కోసేవాడు, కోసినవాటిలో సగం తినేవాడు. ఇప్పుడు కొట్టుకు మేనేజరు. కొట్టు మాత్రం అతనిది కాదు, నగరంలో హెడ్డాఫీసు ఉన్న పెద్ద వ్యాపార సంస్థ కొట్లలో ఒకటి. పింఛనుకు ఇంకా మూడేళ్లుంది.

ఇక బుట్ట సంగతి. ఈ తీరాన పళ్ల తోట ఉన్న ఇంటికి ఒక పద్ధతి ఉంది. అక్టోబరు చివర్లో స్పై పళ్లు దిగాక, ఆ ఏడు మనతో మాటా మంచీ ఉన్న ప్రతి ఇంటికీ ఒక బుట్ట వెళ్లాలి. వెనక గుమ్మం దగ్గర పెట్టి రావాలి. తలుపు తట్టకూడదు, థాంక్స్ కోసం నిలబడకూడదు. బుట్ట మాత్రం వసంతంలోపు తిరిగి వస్తుంది. ఖాళీ బుట్ట ఎవరూ పంపరు. మేపుల్ పాకం సీసానో, అల్లిన చేతి తొడుగులో, జింక మాంసమో అందులో ఉంటుంది. గిల్‌రేల బుట్టలు నలభై రెండు. ప్రతి బుట్ట పట్టీ మీదా వెర్న్ ఇనప కడ్డీ కాల్చి ఇంటి పేరు వేశాడు. పశువుల డాక్టరుకు ఒకటి, మంచు తోసే బండి నడిపేవాడికి ఒకటి, పాస్టరుకు ఒకటి, స్కూలు బస్సావిడకు ఒకటి, కోతకు జమైకా నుంచి వచ్చే నలుగురూ తిరిగి వెళ్లేటప్పుడు తలా ఒకటి. లార్న్‌కు అతను మేవిస్‌ను పెళ్లి చేసుకున్న ఏటి నుంచి ఒకటి. అంటే ఎర్మా సైడరు కొట్లో అడుగుపెట్టడానికి ఇరవై ఏళ్ల ముందు నుంచి.

ఆ ఏడు అక్టోబరు చివర్లో ఒక మంగళవారం పద్నాలుగు పెట్టెల సైడరు దింపి, లార్న్ ఇంటికి వెళ్లే ఓపిక లేక, బుట్టను కొట్టు వెనక గుమ్మం దగ్గరే పెట్టేసింది. చేసిన తప్పు అదొక్కటే. అది తప్పని ఆమెకు తట్టలేదు. మనకు మాత్రం తట్టేదా?

లార్న్ చూసి నవ్వాడు.

“ఏంటి ఎర్మా, ఇవ్వాళ ఇల్లు దూరమైపోయిందా?”

“మోకాలు లాగుతోందిరా. నువ్వే మోసుకుపో. పై కొమ్మల పళ్లు, దెబ్బ తగలకుండా తీసుకెళ్లు.”

“మేవిస్‌కి చెప్తాలే, ఎర్మా గారు ముసలిదైపోయిందని.”

“చెప్పు. ఆపిల్ పైలో పంచదార తగ్గించమని కూడా చెప్పు.”

ఆమె వెళ్లిన ముప్పావు గంటకు సర్కారు తనిఖీ అధికారి వచ్చాడు. పేరు స్టెఫాన్ కొవాల్, ముప్పై దాటి ఉండడు, నున్నగా దువ్విన తల. చిన్నవాళ్లకు అయిదో వంతు అర వదిలారా లేదా చూడటానికి వచ్చాడు. టేపు తీసి అర పొడుగు కొలిచాడు. వదిలారు. సరిపోయింది. కంటి ఎత్తున గిల్‌రే సైడరు ఉంది. దాని ఫోటో తీసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ వెనక గుమ్మం వైపు నడిచాడు. అక్కడ బుట్ట మీద గిల్‌రే అని కాల్చి ఉంది. దాని ఫోటో కూడా తీసుకున్నాడు.

“ఇది ఎవరు పెట్టారండీ?” అని అడిగాడు.

లార్న్‌కు ఏ అనుమానమూ లేదు. “ఎర్మా. ఆపిల్ పై చేసుకోవడానికి” అన్నాడు హాయిగా.

తొమ్మిది రోజులకు ఎర్మాకు ఉత్తరం వచ్చింది. తయారీదారు అమ్మకందారుకు వస్తురూపంలో లాభం చేకూర్చినట్టు ఆధారం ఉంది, హాజరై వివరణ ఇవ్వవలసింది. నేరం రుజువైతే అరవై రోజులు సరఫరా నిలుపుదల. అంటే క్రిస్మస్ పోయినట్టే. సైడరు ఏడాది మొత్తం మీద సగం అమ్ముడయ్యేది ఆ ఆరు వారాల్లోనే. అరవై రోజులు అరలో కనపడని సీసాను తరవాత ఎవరూ మళ్లీ పెట్టుకోరు, ఆ జాగా కోసం ఇంకో పదిమంది కాచుకుని ఉంటారు. సైడరు పోతే స్పై చెట్లు పోతాయి. ఆ ఉత్తరం రెండోసారి చదవక్కర్లేకుండానే ఎర్మాకు అర్థమైంది.

గంటన్నర నడుపుకుంటూ జిల్లా ఆఫీసుకు వెళ్లింది. చర్చికి వేసుకునే కోటు వేసుకుంది. కొవాల్ కుర్చీ లాగి కూర్చోబెట్టాడు, కాఫీ ఇచ్చాడు. మర్యాదస్థుడే. అదే మరీ మంట. దుర్మార్గుడైతే తిట్టుకునైనా ఊరుకోవచ్చు.

“ఈ ఫోటోలో బుట్ట మీదేనా, మిసెస్ గిల్‌రే?”

“దాని మీద పేరు ఉందిగా నాయనా.”

“రికార్డు కోసం మీరు చెప్పాలండీ.”

“నాదే.”

“ఎందుకిచ్చారు?”

“అక్టోబరు వచ్చింది కనక.”

“నేను కారణం అడుగుతున్నాను.”

“నేనూ కారణమే చెప్తున్నా.”

అతను ఏదో రాసుకున్నాడు. ‘స్పష్టమైన వివరణ లేదు’ అని రాశాడని తరవాత తెలిసింది.

“బదులుగా మీరు ఎప్పుడైనా ఏమైనా పుచ్చుకున్నారా?”

వేరేవాళ్లయితే ఇక్కడ నోరు మూసుకునేవారు. ఎర్మా పుట్టి బుద్ధెరిగాక అబద్ధం ఆడలేదు, సర్కారు మనిషి ముందు కూర్చుని కొత్తగా మొదలుపెడుతుందా?

“ఆఁ, పోయిన ఏడు బుట్టలో బీట్‌రూట్ ఊరగాయ వచ్చింది. రెండు సీసాలు. మేవిస్ బాగా పెడుతుంది. లవంగం కాస్త ఎక్కువేస్తుంది, అంతే.”

కొవాల్ తల ఎత్తి చూశాడు. వేళాకోళం ఆడుతోందేమో అనుకున్నాడు. ఆమె మొహంలో వేళాకోళం లేదు. సరేనని రాశాడు. ప్రతిఫలం స్వీకరించబడినది, ఊరగాయ, రెండు సీసాలు.

“మీ సైడరు కంటి ఎత్తు అరలోకి ఎప్పుడు మారింది?”

“పోయిన ఏడు నవంబరు మొదట్లో.”

“అంటే, పోయిన ఏడు బుట్ట ఇచ్చిన వారం పది రోజుల్లోనే.”

“పాత ఫ్రిజ్ చెడిపోయి కొత్తది వచ్చింది నాయనా. అన్నీ మారాయి. పాలు కూడా మారాయి. పాలవాడు కూడా బుట్ట ఇచ్చాడంటావా?”

“నేను తేదీ మాత్రమే అడిగానండీ.”

బుట్ట తనదేనన్నాక మూడు ప్రశ్నలకు మూడు నిజాలు చెప్పింది. నిజం చెప్పిన కొద్దీ ఉచ్చు బిగుసుకుంది. అప్పుడు ఎర్మాకు కోపం వచ్చింది. చేతిలో కప్పు బల్ల మీద పెట్టేసింది.

“ఒక్క మాట అడుగుతా, చెప్పు. నా సీసాల కింద అరలో పెద్ద కంపెనీ వాళ్ల సైడరు ఉంటుంది. పైకి కొట్టం బొమ్మ వేసుంటుందే, అది. ఆ కొట్టం ఎక్కడా లేదు, బొమ్మే. ఆ కంపెనీ వాళ్లు సెప్టెంబరులో ఈ తీరాన మేనేజర్లందరినీ సరస్సు పక్క హోటల్‌కి తీసుకెళ్లి రెండు రోజులు మేపారు. వేడి నీళ్ల తొట్టెలు, రాత్రి భోజనంలో ఎండ్రకాయలు. లార్న్ వెళ్లలేదు, ఎండ్రకాయలు వాడి కడుపుకి పడవు. మిగతావాళ్లంతా వెళ్లారు. అది లంచం కాదా?”

“అది శిక్షణ, మిసెస్ గిల్‌రే. ఉత్పత్తి పరిజ్ఞానం మీద. ముందుగా దరఖాస్తు పెట్టుకున్నారు. దానికి ఫారం ఉంది.”

“ఎండ్రకాయలకి ఫారం ఉందా?”

“శిక్షణకి ఉంది.”

“మరి ఆపిల్ పళ్లకి?”

“లేదండీ.”

చూశారా? తినబెట్టడం తప్పు కాదు, ఫారం లేకుండా తినబెట్టడం తప్పు. వేడి నీళ్లలో కూర్చోబెట్టి మేనేజర్లకు తినిపిస్తే పరిజ్ఞానం. గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోతే నేరం. ఈ నిబంధన రాసినవాడు ఎప్పుడైనా ఒక పక్కింటి మనిషితో మాట్లాడాడా అని ఆ రోజు దారి పొడుగునా ఎర్మా వ్యానులో ఒక్కతే కేకలేసుకుంటూ వచ్చింది.

ఆ వారాంతంలో లార్న్ తోటకు వచ్చాడు. లోపలికి రాకుండా, కొట్టం దగ్గర పళ్ల పెట్టెల మధ్య నిలబడ్డాడు. ఎర్మా రస్సెట్ రకం ఆపిల్ పళ్లు ఏరుతోంది.

“నాకూ వచ్చింది ఉత్తరం” అన్నాడు.

“నీకెందుకు?”

“పుచ్చుకున్నవాడు కూడా నేరస్థుడేనట. కొట్టుకి బీరు అనుమతి ఆపేస్తారట, అదే అరవై రోజులు. హెడ్డాఫీసు నుంచి ఫోనొచ్చింది. అనుమతి ఆగితే మేనేజర్ని మారుస్తాం అన్నారు.”

“మూడేళ్లేగా ఉంది నీకు.”

“వాళ్లకీ తెలుసు మూడేళ్లుందని.”

ఎర్మా చేతిలో పండు పెట్టెలో వేయడం మర్చిపోయి అలాగే పట్టుకుంది. “మేవిస్ ఏమంది?”

“ఏమంటుంది. ఊరగాయ సంగతి ఎందుకు చెప్పావని ఏడుస్తోంది. దాని బీట్‌రూట్ సర్కారు ఫైల్లో ఉందట. మా అమ్మ నేర్పిన ఊరగాయ ఎర్మా నోట్లోంచి అక్కడికి పోయిందా అంటోంది.”

“అడిగాడు, చెప్పాను. లేదని చెప్పమంటావా?”

“నేనేం చెప్పమనట్లేదు ఎర్మా.” అతను టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. “ఆ పళ్లతో ఆరు పైలు చేసింది మేవిస్. కొట్లో క్యాషియర్లకి తలా ముక్క పంచింది. బాగున్నాయి. అది చెబుదామనే వచ్చాను.”

తనను కాపాడమని అతను అడగలేదు. అడిగి ఉంటే ఎర్మా పోట్లాడేది. తన తోట పోతుందని బెదిరిస్తే ఎదురు తిరిగే శక్తి ఆమెకు ఉంది. లాయరును పెట్టుకుంటుంది, పత్రికవాళ్లను పిలుస్తుంది, ఆఫీసు ముందు నిచ్చెన వేసుకుని కూర్చుంటుంది. కాని లార్న్ మెడ మీద కత్తి పెట్టి ఆమెను లొంగమంటే ఏం చేస్తుంది? ఆమె కోసిన పళ్లు తిన్న పాపానికి అతని ఉద్యోగం పోతుంది. ఆ రాత్రి పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి మళ్లీ చదివింది. ఆపిల్ పళ్ల గురించి ఎక్కడా లేదు.

రెండోసారి ఆఫీసుకు వెళ్లినప్పుడు కొవాల్ తలుపు వేశాడు. అతను కూడా నిద్రపోయినట్టు లేడు. ఫైలు తెరిచి వేలితో ఒక చోట చూపించాడు.

“పద్నాలుగో నిబంధన చూడండి. విలువ లేని వస్తువు ఇచ్చినా, పుచ్చుకున్నా నేరం కాదు. ఇది పాత క్యాలెండర్లూ పగిలిన గ్లాసులూ వగైరా కోసం పెట్టారు. మీ పళ్లు అమ్మకానికి పనికిరానివని రాసిస్తే కేసు ఇక్కడితో మూసేస్తాను. మీ సరఫరా ఆగదు. పెటిగ్రూ గారి కొట్టూ ఆగదు.”

“పనికిరానివా?”

“చెట్టు కింద రాలినవి. అలాంటివి.”

ఎర్మాకు చెవులు ఎర్రబడ్డాయి. “రాలినవి గుమ్మంలో పెడతానా నేను? మా ఇంట్లో రాలినవి పందులకి కూడా చూసి వేస్తాం. ఆ బుట్టలో ప్రతి పండూ తొడిమతో సహా నా చేత్తో కోశాను. పై కొమ్మలవి. ఎండ బాగా తగిలేవి. ఏటా ముందు ఇవ్వాల్సినవి కోశాకే అమ్మేవి కోస్తాం. ఫోటో తీశావుగా. పురుగు కనబడిందా అందులో?”

“లేదండీ. చాలా బాగున్నాయి.”

“తెలుసు నీకు.”

“తెలుసు.”

“తెలిసి కూడా రాయమంటున్నావు.”

“నాకు తెలిసింది రాయడానికి ఫారంలో గడి లేదు, మిసెస్ గిల్‌రే. ఉన్న గడి ఇదొక్కటే.”

వెర్న్ తండ్రి ఆ చెట్లు నాటిన రోజు ఆమెకు తెలియదు, పుట్టలేదు. మొదటి కాపు కోసి మొదటి బుట్ట ఎక్కడ పెట్టాడో మాత్రం వెర్న్ వందసార్లు చెప్పాడు. ఇల్లు కాలిపోయిన ఒక కుటుంబం వేరేవాళ్ల కొట్టంలో తలదాచుకుంటే, ఆ కొట్టం గుమ్మంలో పెట్టాడు. అమ్మడానికి ఒక్క పండూ మిగల్లేదట ఆ ఏడు. అలాంటి పళ్లను తన చేత్తో పాడు చేయాలి. లేకపోతే లార్న్‌ను వీధిలో నిలబెట్టాలి. మనిషిని ఇలాంటి చోట తెచ్చి నిలబెట్టే పుస్తకం ఏం పుస్తకం? దాన్ని నిప్పుల్లో వేసినా పాపం లేదు.

“కలం ఇటివ్వు” అంది.

గుండ్రటి చేతిరాతతో రాసింది. ‘చెట్టు కింద రాలిన పళ్లు. పురుగు పట్టినవి. అమ్మకానికి పనికిరావు. విలువ ఏమీ లేదు.’ కింద సంతకం చేసింది. ఎర్మా ఎలిజబెత్ గిల్‌రే. ఇంటి పేరు రాసేటప్పుడు చెయ్యి ఆగింది, మళ్లీ కదిలింది.

కొవాల్ ముద్ర వేశాడు. పావుగంట కూడా పట్టలేదు. నిజం చెప్పిన రోజు మాత్రం రెండు గంటలు కూర్చోబెట్టాడు.

“సహకరించినందుకు థాంక్సండీ” అని చెయ్యి చాపాడు. నిజంగానే అతని మనసు తేలికపడింది. ఎర్మా ఆ చేతిని చూసింది, చేతిసంచీ రెండు చేతులా పట్టుకుని లేచింది.

“నీకు ఎవరూ ఏమీ ఇవ్వరా నాయనా?” అని అడిగింది.

“నేను పుచ్చుకోకూడదండీ” అన్నాడు.

“పాపం” అని వెళ్లిపోయింది. వెటకారంగా అనలేదు.

తరవాతి మంగళవారం ఎప్పట్లాగే సైడరు తీసుకెళ్లింది. సరఫరా ఆగలేదు, అర పోలేదు, క్రిస్మస్ మిగిలింది. గెలిచినట్టే లెక్క. లార్న్ వెనక గుమ్మం దగ్గర చీటీ పట్టుకుని పెట్టెలు లెక్కపెట్టుకున్నాడు. ఇదివరకు ఎప్పుడూ లెక్కపెట్టలేదు, ఆమె చెప్పిందే రాసుకునేవాడు. ఇప్పుడు ఇద్దరి మధ్యా అన్నీ కాగితం మీద ఉండాలని హెడ్డాఫీసు చెప్పింది.

“నా చేత కూడా రాయించారు” అన్నాడు తల ఎత్తకుండా. “పళ్లు ఏం చేశావని.”

“ఏమని రాశావు?”

“చెత్తబుట్టలో వేశానని.”

ఎర్మా తల ఊపింది. “నేను పురుగు పట్టాయని రాశాను.”

“విన్నాను.”

“లార్న్, ఆ మనిషికి నేను మూడు నిజాలు చెప్పాను. ఒక్కటీ నమ్మలేదు. నువ్వో అబద్ధం, నేనో అబద్ధం రాసిస్తే వెంటనే నమ్మి థాంక్స్ చెప్పాడు. అరవై ఎనిమిదేళ్లొచ్చాక నాకు ఈ బుద్ధి నేర్పించారు చూడు. సిగ్గు లేదూ వాళ్లకి?”

లార్న్ చీటీ మీద సంతకం చేసి ఇచ్చాడు. ఆమె వ్యాను తలుపు వేయబోతుంటే దగ్గరకు వచ్చాడు.

“ఎర్మా, వచ్చే ఏడు...”

“ఇంటికి తెస్తాలే. కొట్టుకి తేను.”

“ఇంటికీ వద్దట. అడిగాను. ఇల్లైనా కొట్టైనా ఒకటేనట. నేను మేనేజర్ని, నువ్వు సరఫరాదారువి.” అతను ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. “నువ్వు తేవద్దు.”

“సరే” అంది. “తేను.”

మరుసటి అక్టోబరులో ఎర్మా ఎప్పట్లాగే పై కొమ్మలవి కోసి బుట్టలు నింపింది. అలవాటైన చెయ్యి, నలభై రెండూ నింపేసింది. పశువుల డాక్టరు ఇంటికి, పాస్టరు ఇంటికి, స్కూలు బస్సావిడ ఇంటికి తిరిగింది. సాయంత్రం లార్న్ వీధిలోకి మలుపు తిరిగింది. మేవిస్ వెనక గుమ్మం దగ్గర రాలిన ఆకులు ఊడుస్తోంది. బండి చప్పుడుకు చీపురు ఆపి నిలబడింది. ఇద్దరూ చెయ్యి ఎత్తారు. ఎర్మా బండి ఆపలేదు.

ఇంటికి వచ్చి చూస్తే వ్యానులో ఒక బుట్ట మిగిలింది. ఒక్కతే మనిషి, ఎన్ని తింటుంది. నేలమాళిగలో పెట్టింది. ఏప్రిల్‌లో మంచు కరిగాక పైకి తెచ్చి తోట చివర జింకలకు పోసింది. ఒక్క పండు కూడా పాడవలేదు.